చిన్నబాపు దుకాణమంత పెద్దది

మా చిన్నబాపు మీద కక్షతోనే నేను ఆన్‌లైన్ దుకాణం పెట్టాను. ఈ మాట ఇంత సూటిగా ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్లకు రైతుల కోసమనో, మెకానిక్కుల తిప్పలు చూడలేకనో చెబుతూ వచ్చాను. అవీ అబద్ధాలు కావు. కానీ వాటి కోసమే అయితే అన్ని నెలలు అంత పట్టుగా కూర్చుని ఉండేదాన్ని కాదు.

కరీంనగర్‌లో మా బాపు, ఆయన తమ్ముడైన చిన్నబాపు కలిసి స్పేర్ పార్టుల దుకాణం నడిపేవారు. ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు, బోరు మోటర్లు, పత్తి మిల్లుల్లో గింజ తీసే యంత్రాలు, వీటిలో విరిగేదీ అరిగేదీ ఏదైనా మా దగ్గర దొరికేది. బాపు పోయాక చిన్నబాపు గల్లా దగ్గర కూర్చున్నాడు, నేను అరల మధ్య నిలబడ్డాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అలా తొమ్మిదేళ్లు నిలబడ్డాను.

ఆ తొమ్మిదేళ్లలో దుకాణంలోని ప్రతి వస్తువునూ కొలిచి రాసుకున్నాను. దాని నంబరు, కొలతలు, ఏ యంత్రానికి సరిపోతుంది, అది దొరక్కపోతే బదులుగా ఏది వేయొచ్చు. ఈ చివరి సంగతి కంపెనీల పుస్తకాల్లో ఉండదు. మెకానిక్కులకు మాత్రమే తెలుసు. వాళ్లను అడిగి అడిగి, విసిగించి తెలుసుకున్నాను. ముందు నోటు పుస్తకాల్లో, తర్వాత ల్యాప్‌టాప్‌లో రాసిన ఆ జాబితా నలభై వేల వరుసలు దాటింది.

చిన్నబాపుకు ఆన్‌లైన్‌లో అమ్మాలని ఆశ పుట్టింది. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి తమ సాఫ్ట్‌వేర్ చూపించారు. ఇరవై వస్తువులు పెట్టి చూపించారు. బొమ్మలు తళతళలాడుతున్నాయి, వేలు తగలగానే పేజీ మారుతోంది. చిన్నబాపు మురిసిపోయాడు.

"చిన్నబాపూ, ఇరవై పెడితే ఏదైనా ఉరుకుతది. మన లిస్టు మొత్తం ఎక్కిచ్చి చూపెట్టమను," అన్నాను.

కంపెనీ మనిషి నవ్వాడు. చిన్నబాపు నవ్వలేదు.

"నీకేమెరుకనే గియ్యన్ని? నువ్వు బోల్టులు చూస్కో పో."

చిన్నబాపు ఆ సాఫ్ట్‌వేరే కొన్నాడు. ఆన్‌లైన్ అమ్మకాల ప్రారంభం రోజు దుకాణం ముందు షామియానా వేశారు. మెకానిక్కులు, మిల్లుల వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల చిన్న దుకాణదారులు వచ్చారు. చిన్నబాపు మైకు పట్టుకుని, "గింత పెద్ద లిస్టు తయారు చేసింది గీ కంపెనీ సార్లే," అన్నాడు. నేను ముందు వరుస పక్కనే ఉన్నాను.

"చిన్నబాపూ, అది నేను రాసింది గదా," అన్నాను.

ఆయన మైకు దించలేదు. "మా అన్న బిడ్డ. లగ్గం కాలే. ఇంట్ల పొద్దు పోక దుకాణంల కూసుంటది," అన్నాడు. షామియానా అంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే నా వైపు తిరిగి, "పో, అందరికి చాయ్ అందియ్యి," అన్నాడు.

అందించాను. ఆ ట్రే పట్టుకుని తిరిగినప్పుడు ఎవరు నా ముఖంలోకి చూశారో, ఎవరు తల దించుకున్నారో, ఎవరు ఇంకా నవ్వుతూనే ఉన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్‌ను గల్లా మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఆ జాబితాలోంచి ఒక్క వరుస కూడా వెంట తెచ్చుకోలేదు. నన్ను దొంగ అనే అవకాశం ఆయనకు నా చేతులతో నేనే ఇవ్వదలచుకోలేదు.

ఆదిలాబాద్‌లో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల సామాను అమ్మే ఒక పెద్దాయన ఉండేవాడు. ఇంట్లో మరాఠీ, దుకాణంలో తెలుగు. ఏటా పత్తి రాకముందే కరీంనగర్ వచ్చి, నన్నడిగి సామాను తీసుకుపోయేవాడు. నేను కాకా అనేదాన్ని, ఆయన నన్ను, మనం అక్కా అన్నట్టు, తాయీ అనేవాడు. షామియానా కింద ఆయన కూడా ఉన్నాడు. నేనిచ్చిన చాయ్ తాగకుండా కుర్చీ కింద పెట్టేశాడు. నెల తిరక్కుండా ఫోను చేశాడు.

"బఘా తాయీ, జర చూడు, నా దుకాణం చిన్నది. నా తర్వాత చూసెటోళ్లు లేరు. నువ్వొచ్చి కూసో. ఇద్దరం కల్సి నడుపుదాం."

బాపు పోయాక ఒంటరిదైన అవ్వను ఒప్పించి, బట్టలు సర్దుకుని ఆదిలాబాద్ వెళ్లిపోయాను. వెళ్లిన మొదటి రోజే కాకాతో చెప్పాను, మనం ఆన్‌లైన్ దుకాణం పెడుతున్నామని. ఎందుకని ఆయన అడగలేదు.

మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను. కాకా అరల్లో ఉన్నవన్నీ కొలిచాను. లేనివాటిని గుర్తు చేసుకుని రాశాను. అనుమానం వస్తే తుక్కు దుకాణాలకు పోయి పాత గేర్లు తిరగేసి కొలిచాను. ఖానాపూర్‌లో, లక్సెట్టిపేటలో నాకు తెలిసిన మెకానిక్కులకు ఫోన్లు చేశాను. వాళ్లలో కొందరు ఆ రోజు నవ్వినవాళ్లే. ఆ జాబితా నాదేనన్న సంగతి తెలిసిన తర్వాత ఎవరూ నవ్వలేదు.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి ఒక అమ్మాయి సాయం దొరికింది. మంచిర్యాల అవతల బొగ్గు గని కాలనీలో ఉంటుంది, తండ్రి గనిలో పనిచేస్తాడు, తను ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తుంది. వారానికి రెండు రోజులు బస్సెక్కి వచ్చేది. ఆమె నాలుగు సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకుని వచ్చింది.

"అక్కా, మనకున్నయి పదకొండు వేల వస్తువులు. గీ రెండోది సరిపోతది. నడుపుడు అల్క, తిప్పలుండది," అంది.

"నలభై వేలు పట్టాలె."

"గన్ని మన దగ్గర లెవ్వు గదా?"

"మా చిన్నబాపు దుకాణంల ఉన్నయి. అది మొత్తం పట్టేటంతది కావాలె. ఆపైన ఇంకో నలభై వేలు ఎక్కినా ఉరకాలె."

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. తర్వాత మా జాబితాను కాపీల మీద కాపీలు చేసి, ఎనభై వేల వరుసల దొంగ జాబితా ఒకటి తయారు చేసింది. ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ దానితోనే పరీక్షించాం.

ఆ నాలుగింట్లో మొదటిది చిన్నబాపు కొన్నదే, ముందు దానిలోనే జాబితా ఎక్కించమన్నాను. మాకు దాని అవసరం లేదు. అది కూలబడటం నా కళ్లతో చూడాలనిపించింది. ముందు, ఒక వస్తువుకు ఇన్ని సైజులకు మించి పెట్టకూడదని మొరాయించింది. బేరింగులను ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఎక్కించాం. తర్వాత ఒక బేరింగు నంబరు కొట్టి వెతికితే తెర మీద చక్రం తిరుగుతూ, తిరుగుతూ ఉండిపోయింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నాను. అంత హాయిగా నేను ఏ సినిమా కూడా చూడలేదు.

రెండోది మొత్తం ఎక్కించుకుంది గానీ, వెతికిన వస్తువు వచ్చేలోపు ఫోను తెర ఆరిపోయేది. మూడోది వేగంగానే ఉంది, కానీ నంబరు మధ్యలో గీత పెట్టకపోతే ఏమీ దొరకలేదనేది. గ్రీజు చేతులతో ఫోను పట్టుకున్న మెకానిక్కు గీతలు పెట్టడు. సగం నంబరు కొడతాడు, లేకపోతే బుష్షు అని తనకు తోచిన అక్షరాలతో కొడతాడు. నాలుగోది చూడటానికి బోసిగా ఉంది, రంగులు లేవు. దాన్ని మన సొంత సర్వర్‌లో పెట్టుకోవాలి, తెలిసిన మనిషి పక్కన లేకపోతే నడవదు. కానీ వెతకడానికి దానికి విడిగా ఒక ఇంజన్ ఉంది. సగం నంబరుకూ, తప్పు అక్షరాలకూ రెప్పపాటులో జవాబిచ్చింది. బదులుగా వేయదగ్గ వస్తువును పక్కనే చూపించింది.

"గిదే," అన్నాను.

"దీన్తోని కష్టం మస్తుంటది అక్కా."

"ఉండనియ్యి."

ఆ ఏడు పత్తి వచ్చే వేళకు మా సైటు తెరిచాం. షామియానా వేయలేదు. మెకానిక్కుల వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టానంతే. అటు చిన్నబాపు సైటులో అడిగింది దొరికేది కాదు, దొరికినా ఒకటి అడిగితే ఇంకొకటి పోయేది. నా జాబితాను ఆ సాఫ్ట్‌వేర్‌కు పట్టేలా కత్తిరించినప్పుడు సైజులన్నీ కలగలిసిపోయాయి. సరిచేయడం అక్కడ ఎవరికీ తెలియదు. ఈ కబురు నాకు ఎవరో ఒకరు మోసుకొచ్చేవారు. నేను పని ఆపి మరీ వినేదాన్ని. మరోసారి చెప్పించుకునేదాన్ని.

రెండో పత్తి కాలంలో చిన్నబాపు ఆదిలాబాద్ వచ్చాడు. మధ్యాహ్నం దుకాణం నిండా జనం. చేతిలో గుడ్డకు చుట్టిన విరిగిన గేరు ఉంది. పాత మిల్లు ఖాతాదారు ఒకాయనకు రెండుసార్లు తప్పు గేరు పంపారట, యంత్రం ఆగిపోయి ఉందట.

"గిది ఏం గేరో జర చెప్పు బిడ్డా."

"పండ్లు లెక్కపెట్టు చిన్నబాపూ," అన్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని వేలితో ఒక్కో పన్నూ ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. "ఇరవై రెండు."

"మల్ల లెక్కపెట్టు. జర గట్టిగ."

కొనడానికి వచ్చినవాళ్లు ఇటు తిరిగారు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, చిన్న పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఈసారి ఇరవై మూడు వచ్చాయి. మూడోసారి కూడా లెక్కపెట్టించాను. అవి ఇరవై మూడని నాకు ఆయన గుడ్డ విప్పినప్పుడే తెలుసు. కాకా చూడలేక వెనక గదిలోకి వెళ్లిపోయాడు. నేను మాత్రం రెప్ప వేయకుండా చూశాను. తర్వాత మా ఫోను ఆయన చేతికిచ్చి, గేరు నంబరు నేను చెబుతూ కొట్టించాను. మొదటి వరుసలోనే గేరు వచ్చింది.

"మంచిగ రాసినవు," అన్నాడు చిన్నబాపు, తల ఎత్తకుండా.

"అప్పుడు గూడ నేనే రాసిన," అన్నాను.

ఆయన డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. గేరు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కాకా, "తాయీ, ముసలోడు. గట్ల చేయొద్దుండె," అన్నాడు. నేను తప్పు ఒప్పుకోలేదు. జాలి వస్తుందేమోనని నాలో నేను వెతికాను కూడా. రాలేదు.

తర్వాతి వానాకాలంలో చిన్నబాపు తన సైటు మూసేశాడు. తన సామాను మా సైటులో పెట్టుకోనిస్తారా అని మనిషితో అడిగించాడు. వెంటనే సరేనన్నాను. నలభై వేలు పట్టేలా నేను కట్టించుకున్నది అందుకే. ఇప్పుడు ఆయన దుకాణంలోని ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ మా పేరు కింద కనిపిస్తుంది.

ఆయన మనుషులు కొత్త సామాను జాబితా ప్రతి వారం పంపిస్తారు. ఒక్క కొలత తప్పున్నా, ఒక్క ఫొటో లేకున్నా మొత్తం జాబితా వెనక్కి పోతుంది. ఆ ఒక్క దుకాణానికే అలా నియమం పెట్టించాను. మిగతావాళ్ల జాబితాల్లో తప్పు వరుస మాత్రమే ఆగుతుంది.

మొన్న ఆ అమ్మాయి అడిగింది, "అక్కా, గీ రూలు తీసేద్దామా? పాపం, నాలుగుసార్లు పంపిండ్రు గీ వారం."

"ఐదోసారి పంపుతరు," అన్నాను.