బావ మాట, అక్క ముక్కు

మా బావకి ముక్కు మీద కోపం లేదు, నమ్మకం ఉండేది. పాత కార్లు వేలం వేసే కంపెనీలో ఆయన పరీక్షకుడు. ఏళ్ళ తరబడి గ్యారేజీలో గుడ్డ కప్పి ఉంచిన, పెద్దగా తిరగని కార్లు అక్కడికి వస్తాయి. వాటిని కొనేవాళ్ళు వింత మనుషులు. బండి ఎంత బాగా పరుగెడుతుందని అడగరు, ఎంత తక్కువ పరుగెత్తిందని అడుగుతారు. మీటరు చూపించే కిలోమీటర్లు నిజమేనా, రంగూ సీట్లూ తివాచీ ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటివేనా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా, వాళ్ళకి కావలసింది ఇదే. దానికంటే కొత్త కారు కొనుక్కోవచ్చు కదా అని నేనడిగితే బావ నా వైపు జాలిగా చూసేవాడు.

మిగతా వాళ్ళు ముందు మీటరు చూస్తారు. బావ మాత్రం తలుపు తీసి, కళ్ళు మూసుకుని, తల లోపలికి పెట్టి వాసన చూసేవాడు. పెడల్ రబ్బరు అరుగుదల, తలుపు బోల్టుల మీద స్పానర్ గాట్లు, టైర్ల మీది తేదీలు, ఇవన్నీ ఆ తర్వాత. "మీటరు వెనక్కి తిప్పొచ్చు, రబ్బరు కొత్తది వెయ్యొచ్చు. లోపల నిలవున్న గాలిని మార్చడం కష్టం" అనేవాడు. నీళ్ళు దిగిన కారు ఒకలా ఉంటుందట, ఎలుకలు కాపురమున్నది ఇంకోలా. ఆయన చెప్పిందే, వేలానికి ముందు కంపెనీ కొనేవాళ్ళకిచ్చే పుస్తకంలో అచ్చవుతుంది. కంపెనీ షెడ్డులో అందరూ ఆయన్ని ముక్కుగారు అంటారు. ఆ పిలుపు వినబడితే చాలు, బావ చొక్కా సర్దుకునేవాడు.

అలాంటి ముక్కు ఒక జ్వరంలో పోయింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కనే నిలబడి పేపరు చదువుకుంటున్నాడట. అక్క పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఏవండీ, మీకు తెలియడం లేదా?" అంది. బావ గిన్నె వైపు చూసి "పాలా?" అన్నాడట. డాక్టరు, వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసని బావ దారి పొడుగునా విసుక్కున్నాడు.

ఆయన భయమల్లా ఒక్కటే. షెడ్డులో ఈ సంగతి తెలిసిందంటే తన మాటకి ఇక విలువ ఉండదు, మాటకి విలువ లేని పరీక్షకుడికి అక్కడ పనీ ఉండదు. మూడో కంటికి తెలియకూడదని అక్క చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్క ఆ ఒట్టుకి కట్టుబడి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఆయనకి తట్టిన ఉపాయం అక్కే. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకి రమ్మనేవాడు. "మా ఆవిడ ఇలాంటి కార్లు ఎక్కింది లేదండీ, ఒక్క నిమిషం కూర్చుంటుంది" అని మేనేజరుకి చెప్పి తలుపు తీసేవాడు. అక్క లోపల కూర్చుని ఊపిరి పీల్చేది. బావ కిటికీ దగ్గర వంగి గుసగుసగా అడిగేవాడు.

"తడి తువ్వాలు బకెట్లో పడేసి మరిచిపోయినట్టుందండీ" అందట మొదటి కారులో.

తివాచీ ఎత్తి చూస్తే కింద రేకంతా తుప్పు. ఇంకో కారులో కొత్త చెప్పుల కొట్టు గుర్తొచ్చిందంటే, తలుపుల చుట్టూ రబ్బరు మొన్నమొన్ననే మార్చారని తేలింది. అక్క భాష తనకి అర్థమయ్యేలా తిప్పుకోవడానికి బావ నానా తిప్పలూ పడేవాడు.

"చెమట వాసనగా ఉంది" అని ఒకసారి అంది.

"పాతదా, కొత్తదా?"

"కొత్తదే. మీరు కాస్త వెనక్కి జరగండి."

ఇలా రోజులు నెట్టుకొస్తుండగా ఆకుపచ్చ కారు వచ్చింది. ఎవరో పళ్ళ డాక్టరు కొనుక్కుని, నాలుగు రోజులు నడిపి, ఎందుకో మళ్ళీ ముట్టుకోలేదట. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు గ్యారేజీ తెరిచారు. ఈసారి వేలానికి అదే ముఖ్యమైన బండి. సీట్ల తోలు ఫ్యాక్టరీదేనని ముక్కుగారు ఒక్క మాట అంటే పుస్తకం అచ్చుకి పంపిస్తానని మేనేజరు కాచుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నకల్లా ఆ మాట కావాలన్నాడు.

బోల్టులు ఎవరూ ముట్టుకోలేదు, టైర్లు పుట్టినప్పటివే. బావకి అనుమానమంతా సీట్ల మీదే. తోలు మడతల్లో రంగు ఒక పిసరు ఎక్కువ నిండినట్టుంది. కుట్టిన దారం కూడా తోలు రంగులోనే ఉంది. ఫ్యాక్టరీలోనే అలాంటి దారం వాడి ఉండొచ్చు. లేదంటే పాత తోలు మీద ఎవరో కొత్తగా రంగు పూసి ఉండొచ్చు, అలా పూస్తే దారం కూడా ఆ రంగుని తాగేస్తుంది. తడిగుడ్డతో రుద్దితే ఏమీ అంటలేదు. పనితనం ఉన్నవాడు పూస్తే అంటదు కూడా. ఒకప్పుడైతే తల లోపలికి పెట్టి క్షణంలో తేల్చేసేవాడు. ఇప్పుడు అక్కని కూర్చోబెట్టి బయట గోళ్ళు కొరుక్కున్నాడు.

"ఏమీ లేదండీ" అంది అక్క.

"ఏమీ లేకపోవడమేంటి? ఇన్నేళ్ళు మూసిపెట్టిన బండి. ఏదో ఒకటి ఉండాలి కదా."

అక్క మళ్ళీ పీల్చింది. "ఏమోనండీ. మనింట్లో కూర్చున్నట్టుంది. హాయిగా ఉంది."

 బావ కళ్ళేమో అనుమానంగా ఉందంటున్నాయి, అక్కేమో హాయిగా ఉందంటోంది. రేపు చెబుతానని మేనేజరుని తప్పించుకుని ఇంటికొచ్చాడు. వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"మనింటి వాసన ఎలా ఉంటుంది?"

"మనింటికి వాసనేంటండీ? రోజూ తుడుస్తూనే ఉన్నాను కదా." అక్క మొహం మాడ్చుకుంది.

ఆయన ఊరుకోలేదు. పనికిరాని ముక్కుతో వంటిల్లంతా తిరిగాడు, అలమర తెరిచి బట్టల్లో తల పెట్టాడు, పరుపు ఎత్తి చూశాడు. చివరికి పక్కింటాయన గేటు దగ్గర కనబడితే ఆయన్నీ అడిగాడు. పాపం ఆయన బిక్కమొహం వేసి "చాలా బాగుంటుందండీ" అన్నాడు. ఎదురింటావిడ ఇంకో అడుగు ముందుకేసి, మీ ఇల్లు శుభ్రానికి పెట్టింది పేరు అంది. మర్యాద ఉన్నవాళ్ళని ఇలాంటివి అడిగితే ఏం లాభం?

సరిగ్గా ఆ సాయంత్రం, మా అమ్మాయి ఇంటికి వెళుతూ దారిలో అక్కని చూసి పోదామని నేను దిగాను. గడప దాటీ దాటగానే బావ నా చేతిలో సంచీ కూడా అందుకోకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"మరదలా, నువ్వు చెప్పు. ఈ ఇల్లు ఏం వాసనేస్తోంది?"

నాకు మర్యాద తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. "ఏం వాసనేంటి బావా, నీ తోలు రంగు కంపు. అందుకే కదా నేనిక్కడ రెండ్రోజులకి మించి ఉండను" అన్నాను.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. కంపెనీలో చేరకముందు ఆయన సీట్లు కుట్టేవాడు. ఇప్పటికీ సాయంత్రాలు ముందుగదిలో తెలిసినవాళ్ళ సంచులకీ కుర్చీలకీ రంగులు వేసిపెడుతుంటాడు. ఎన్ని కార్లలో ఆ వాసన పట్టుకున్నాడో లెక్కలేదు. తన ఇంట్లో అది ఉందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

"అదెప్పుడో పోయింది కదే" అంది అక్క అయోమయంగా.

బావ అప్పటికే ఫోను తీశాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను. "ఆకుపచ్చ కారు సీట్లకి రంగు పూశారండీ. తోలు పాతదే, రంగు కొత్తది. పుస్తకంలో అసలుదని వెయ్యకండి" అన్నాడు. మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదని అటునుంచి అడిగినట్టుంది.  ఏదో ఒకటి అల్లి చెబుతాడనుకున్నాను. "నాకు వాసన తెలియడం లేదండీ, జ్వరం వచ్చినప్పటి నుంచి. కార్లో కూర్చుంది చూడండి మా ఆవిడ, పసిగట్టింది ఆమే" అన్నాడు.  రేపు వచ్చి మాట్లాడమన్నాడట మేనేజరు. అది పని ఉందనా, పోయిందనా, బావకీ అర్థం కాలేదు, మాకూ అర్థం కాలేదు.

ఆయన ఫోను పెట్టేసి కూలబడ్డాడు. ఓదారుద్దామని నేను దగ్గరికి వెళ్ళేలోపే అక్క వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"పెళ్ళైన కొత్తలో ఆ వాసనకి నాకు తలనొప్పి వచ్చేది, గుర్తుందా? గుమ్మంలో కూర్చునేదాన్ని. మీతో చెప్పాను."

"చెప్పావు."

"కొన్నాళ్ళకి వాసన పోయింది. నా కోసం మీరు రంగులు మార్చారనుకున్నాను. నేను అడగలేదు, మీరూ చెప్పలేదు. ఆయన అంతే, చేస్తాడు కానీ చెప్పడు అని దీనితో కూడా ఎన్నిసార్లు అన్నానో."

నిజమే, నాతో అంది. మా ఆయన్ని దెప్పడానికి నేను ఆ మాట ఎన్నోసార్లు వాడుకున్నాను కూడా.

"మార్చారా?" అంది అక్క.

ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు, "లేదు. అవే."

కోపం వస్తుందనుకున్నాను. నాకైతే వచ్చేది, ఆ రంగు సీసాలన్నీ వీధిలో పడేసేదాన్ని. అక్క తల ఊపింది. తర్వాత నా వైపు తిరిగి "ఇప్పుడు కూడా వస్తోందా నీకు?" అని మెల్లగా అడిగింది.

"వస్తోందే" అన్నాను.

అక్క కళ్ళు మూసుకుని, బలంగా ఊపిరి పీల్చింది. కాసేపాగి మళ్ళీ పీల్చింది. ఆమెకి ఏమీ తెలియలేదు.