తడి చీర బరువు

ఇది జరిగి రెండేళ్లయింది. అప్పటికి నాకు సంతకం ఒక్కటే వచ్చు, అందుకే అప్పుడు రాయలేకపోయాను. యాప్రాల్‌లో కట్టే అపార్ట్‌మెంట్ల మీద పదిహేనేళ్లు తాడు లాగిన చేయి ఇది. చూపుడు వేలు పూర్తిగా ముడుచుకోదు, పెన్ను జారిపోతుంది. సాయంత్రం బడిలో అక్షరాలన్నీ ఈ చేతికి లొంగేసరికి ఇన్నాళ్లు పట్టింది.

నా బిడ్డ అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఒక సాయంత్రం రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి ఫిజిక్స్ పరీక్ష పేపరు, ఇరవైకి నాలుగు. రెండోది ఎంపీసీ వదిలి సీఈసీకి మారతానన్న దరఖాస్తు. రెండింటి మీదా తల్లి సంతకం కావాలి.

"ముందు దీని మీద పెట్టమ్మా. రేపే ఆఖరు," అని దరఖాస్తు ముందుకు జరిపింది.

"నేను సంతకం నేర్చుకున్నది గిందుకేనా? జెర ఆగు. ఏం లెక్క తప్పింది?"

"చెప్తే నీకు సమజైతదా?"

"కాకపోతే నవ్వుకో."

చదివి చెప్పింది. ఇరవై మీటర్ల మేడ మీంచి నేలదాకా ఒక తాడు వేలాడుతోంది. దాన్నంతా పైకి లాగితే ఎంత పని చేసినట్టు? తను తాడు మొత్తం బరువును ఇరవైతో హెచ్చవేసింది. సరైన జవాబుకు రెట్టింపు వచ్చింది. బరువు మారుతుంటే ఇంటిగ్రేషన్ చేయాలని సారు చెప్పారట. ఆ మాట వింటేనే భయమంది.

"అంత బరువు ఆఖరిదాకా యాడుంటదే? మా సైటు మీద తడిసిన మోకును ఇద్దరం గుంజుతుంటిమి. సగం పైకొచ్చినంక ఒకామె చేయి వదిలి తంబాకు నలుపుకుంటుండె. మిగిలింది ఒక్కదానికి సాలు."

నమ్మలేదు. నానబెట్టిన నా చీరను బకెట్‌తో మేడ మీదికి మోయించాను. పిట్టగోడ మీంచి కిందికి వదిలి, లాగమన్నాను. మొదట పళ్లు బిగించింది. సగానికి వచ్చాక ఆగి నా వైపు చూసింది.

"అమ్మా, అల్కగైతున్నది!"

కింద ఇంటావిడ అరిచింది: "ఏందమ్మా, నా ఒడియాల మీద వాన షురూ చేసిండ్రు?"

నా బిడ్డకు ఆ మాట వినిపించనే లేదు. మెట్ల మీదే కూర్చుని నోటుపుస్తకంలో తాడు గీసి, చిన్న చిన్న ముక్కలుగా గీతలు పెట్టింది. పైముక్క దాదాపు కదలదు, అడుగుముక్క మొత్తం దూరం రావాలి. ఒక్కో ముక్క బరువును అది కదిలిన దూరంతో హెచ్చవేసి, అన్నీ కూడాలి. అదంతా నాకు చెబుతూ, నిలువుగా సాగదీసిన కొక్కెం లాంటి గుర్తు వేసింది. తను ముందు తెచ్చిన జవాబులో సరిగ్గా సగం వచ్చింది.

"గిదేనా ఇంటిగ్రేషన్? కూడుడేనా?" అంది, ఎవరో ఇన్నాళ్లూ దాచిపెట్టినట్టు.

తర్వాత స్ప్రింగ్ లెక్క పట్టింది. దాన్ని సాగదీసేకొద్దీ బలం పెరుగుతుందట. ఒకసారి తప్పింది, రెండోసారి వచ్చింది. ఆ పై లెక్క ఎంతకీ రాలేదు. దరఖాస్తు సంగతి తనకే వదిలేశాను. చదవాల్సింది తను. కానీ అన్నం తింటున్నంతసేపూ నా కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి.

మర్నాడు పొద్దున జడ వేసుకుంటూ పరీక్ష పేపరు ఒక్కటే నా ముందు పెట్టింది.

"ఆ రాని లెక్క సారును అడుగుత. జల్ది పెట్టమ్మా, బస్సు పోతది."

ఆ నాలుగు మార్కుల కింద, పెన్ను జారకుండా గట్టిగా పట్టుకుని, నా పేరు రాశాను.