లారీలో నిద్రపోనివ్వని పేజీ

ఆదివారం ఉదయం ఎనిమిదింపావుకి మేముండే టోవా పాయోలో రైలెక్కాం, నేనూ మా ఆవిడ సుజాతా. మేం వలసొచ్చిన ఈ ద్వీపదేశానికి పడమటి కొస తువాస్. అక్కడుండే రఫీకుల్ అనే బెంగాలీ కథకుణ్ణి కలవాలి. అతను భవనాలు కట్టే చోట వెల్డరు. అతని కథ ఒకటి తెలుగు చేశాను. అచ్చుకి అతని అనుమతి కావాలి. పత్రికవాళ్లు సోమవారం దాకానే ఆగుతామన్నారు. నాకు బెంగాలీ ఎలా వచ్చంటారా, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. అనుమతి జేబులో ఉన్నట్టే బయల్దేరాను.

రాఫెల్స్ ప్లేస్‌లో రైలు మారి, సీట్లు దొరికాక సుజాతకి నా అనువాదం వినిపించాను. సగం కాకుండానే నిద్రపోయింది. ఏసీ మహిమ అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి చివరి స్టేషన్లో దిగి, బస్సులో రఫీకుల్ ఉండే పనివాళ్ల డార్మిటరీకి చేరాం. గేటు పక్క క్యాంటీన్లో రఫీకుల్ మాకోసం టీలు చెప్పి కూర్చున్నాడు. పక్కన అతని తోటి పనివాడు, శ్రీకాకుళం అప్పలనాయుడు.

"దాదా, నాకు తెలుగు రాదు. ఇతనికి చదివి వినిపించండి, నేను ఇతని కళ్లు చూస్తాను" అన్నాడు రఫీకుల్ బెంగాలీలో.

అతని పద్ధతే అదట. పదకొండేళ్లుగా తెల్లారకముందే లారీలో పనికి వెళ్తూ తోటివాళ్లకి కథ చెబుతాడు. వాళ్లు కునుకు తీసిన చోటల్లా కొట్టేస్తాడు. మిగిలింది సాయంత్రం ఫోన్లో రాసుకుంటాడు.

ధీమాగా అందుకున్నాను. అప్పలనాయుడు మొదట ముందుకి వంగి విన్నాడు. మధ్యాహ్నం ఘట్టం వచ్చేసరికి ఆవులించాడు. రఫీకుల్ చెయ్యెత్తాడు.

"ఇక్కడేముంది?"

"ఆకాశం వర్ణన."

"మరి అన్నం పొట్లాల పేజీ?"

కథ నడక మందగిస్తోందని ఆ పేజీ నేనే ఎత్తేసి, ఆకాశం వర్ణన పెట్టాను. ఆ మాటే రెండు భాషల్లోనూ చెప్పాను.

"తెల్లారగట్ట కట్టిన పొట్లం సార్ అది" అన్నాడు అప్పలనాయుడు. "పన్నెండయ్యేతలికి పాసిపోద్ది. వాసన సూసి, ఒకలి మొకం ఒకలం సూసుకుంతాం. అది నేకపోతే ఇది మా కత ఎలాగవుద్ది?"

నాకు సిగ్గేసింది. అలాంటి పొట్లం నేనెప్పుడూ విప్పలేదు, అందుకే అది నాకు అనవసరంగా కనిపించింది.

రఫీకుల్ కోప్పడలేదు. మాకు పరోటాలు చెప్పి, "ఆ పేజీ పెట్టండి. చివరిదాకా ఒక్కరైనా మెలకువగా వింటే అచ్చేసుకోండి. మళ్లీ నన్ను అడగక్కర్లేదు" అన్నాడు. మీరెవరైనా అటు వెళ్తే టిఫిన్ అక్కడే చేయండి, పరోటాలు బాగున్నాయి.

పదకొండున్నరకి తిరుగు రైలెక్కాం. ఆకాశం కొట్టేసి, ఆ పేజీ ఫోన్లోనే తెలుగు చేశాను. సుజాతకి కథ మళ్లీ మొదటినుంచీ చదివాను. పొట్లాలు విప్పే చోటికి వచ్చేసరికి రాఫెల్స్ ప్లేస్ వచ్చింది. దిగాలి కదా, ఆపాను.

"ఆపేశారేంటి? ఆ అన్నం తిన్నారా, పారేశారా?" అంది సుజాత నా మోచెయ్యి పట్టుకుని.

రెండో రైల్లో సీట్లు లేవు. గుంపులో నిలబడే చదివాను. మా స్టేషన్‌కి ముందొచ్చే నొవెనాలో కథ ముగిసింది. ఆమె రెప్ప వాల్చలేదు. టోవా పాయోలో తలుపులు తెరుచుకునేలోగా కథ పత్రికకి పంపేశాను.