ఇంజను ఎనక డమ్మీ

మొన్న ఖానాపురం హవేలిల మా బిడ్డ ఇంటికి పోతే, అల్లుడు కారు బానెట్ ఎత్తి పచ్చరంగు నీళ్ళేవో పోస్తున్నడు. ఏంది బాబూ అదంటే, కూలెంట్ అత్తమ్మా, ఇది పోస్తే ఇంజను లోపల తుప్పు పట్టదన్నడు. నేను ఇంట్లకు పోయి కూసున్న. బిడ్డ ఇచ్చిన ఛాయి చేతిలనే చల్లారింది.

మా లారీకి గసొంటివి ఎన్నడూ పొయ్యలే. కారేపల్లిల మా ఇంటి ముందర ఆగే ఆ పాత లారీ మా ఆయనకు, వాళ్ళ అన్నకు పొత్తు. భద్రాచలం అవతల అడవి అంచు నుంచి జామాయిల్ కట్టె మోసేది. అన్న, అంటే మా బావ, నడిపేటోడు. మా ఆయన రిపేర్లు చూసేటోడు. దారిల ఏ వాగు తగిలితే ఆ వాగు నీళ్ళే రేడియేటర్‌ల పోసేటోళ్ళు. మనుషులు మాత్రం నీళ్ళు కాచి చల్లార్చుకొని తాగాలని మా అత్త పోరు పెట్టేది.

ఆ ఇంట్ల నేను బావతోని మాట్లాడేదాన్ని కాదు. మా దిక్కు అప్పట్ల తమ్ముని భార్య బావ ఎదుట నిలబడేది కాదు. ఇరవై ఏండ్లు ఒకే కుండల అన్నం తిన్నం గని ఒక్క మాట లేదు. దూప అయితే ఆయన గోడ దిక్కు చూసి "మంచినీళ్ళు తెమ్మను" అనేటోడు. ఎవరితోని అంటున్నడో ఆ గోడకే తెల్వాలె. నేను చెంబు గడప మీద పెట్టి తప్పుకునేదాన్ని. అది కోపం గాదు, మర్యాద.

ఒక ఎండాకాలం ఇంజను పక్కనుంచి నీళ్ళు కారుడు మొదలైంది. ఇంజనుకు గుండ్రని రేకు మూతలుంటయ్, లోపలి నీళ్ళను ఆపేది అవే. డమ్మీలంటరు. వాగు నీళ్ళకు అవి తుప్పు పట్టి తూట్లు పడ్డయ్. మా ఆయన ఇంటి ముందరనే పని పెట్టుకున్నడు. ఒక అంచు మీద సుత్తితోని కొడితే డమ్మీ అడ్డం తిరిగేది, పట్కారుతోని గుంజేటోడు. ఎర్రటి ముద్ద, మాడిన బెల్లం పాకంలెక్క, బయటికి జారేది. నేను గరుకు కాగితంతోని అంచులు రుద్ది, పేస్టు పూసి కొత్తది అందిస్తే బిగగొట్టేటోడు. పక్కనున్నయన్నీ అయినయ్. ఒక్కటి మాత్రం ఇంజను ఎనక, గేర్‌బాక్స్ చాటున ఉంటది. దానికోసం గేర్‌బాక్స్ దించాలె, రెండు రోజుల పని. తెల్లారితే లోడు ఉంది. గేర్‌బాక్స్ కింది సందులోంచి ఎర్రనీళ్ళు చుక్క చుక్క పడుడు నేను చూసిన. మా ఆయనకు చెప్పిన గూడ. వచ్చే ట్రిప్పుకు చూద్దాం, అన్న చెవిన పడనియ్యకు, పడితే బండి తియ్యడన్నడు.

పొద్దున బావ బండి చుట్టూ తిరిగి, అన్నీ మార్చినవా అని తమ్ముణ్ణి అడిగిండు. అవ్ అన్నడు. తమ్ముని మాట మీద ఆయనకు ఎప్పుడూ సగమే నమ్మకం. అప్పుడు, ఇరవై ఏండ్లల మొదటిసారి, నా దిక్కు తిరిగిండు.

"నువ్వు దగ్గరున్నవ్ గదమ్మా. అన్నీ మార్చిండా?"

"అవ్ బావా" అన్న. ఆయనతోని నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఆనాడే అడవి దారిల నీళ్ళు కారిపోయి ఇంజను మసిలింది. ఆవిరి తగ్గిందనుకొని బావ రేడియేటర్ మూత తిప్పిండు. మసిలే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్మినయ్. దవాఖానాల ప్రాణం దక్కింది గని కండ్లు పోయినయ్. మా ఆయన ఎవరికీ చెప్పకుండ ఆ ఎనక డమ్మీ మార్చి లారీ అమ్మేసిండు. కొన్నేండ్లకు ఆయనా పోయిండు, అత్తా పోయింది. బావ భార్య అంతకుముందే పోయింది. ఇంట్ల మేమిద్దరమే మిగిలినం.

కండ్లు లేని మనిషికి గోడ ఎటుందో తెల్వదు. గట్ల మా నడుమ మాటలొచ్చినయ్. ఆయనకు పేపరు చదివి వినిపిద్దామనే నేను వయోజనుల బడికి పోయిన. ఒక్కో అక్షరం కూడబలుక్కుంట చదువుతుంటే, "జల్దీ కానియ్యమ్మా, నువ్వు వార్త చదివేలోపు ఆ మంత్రి దిగిపోతడు" అని నవ్వేటోడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

నిరుడు వానాకాలం ఒకనాడు పేపరు మడిచి చెప్పేసిన. ఎనకది మార్చలేదని, నాకు ఎరుకేనని, అయినా అవ్ అన్ననని. బావ చేతికర్ర తడిమి దగ్గరికి తీస్కున్నడు.

"నువ్వు చెప్పినవనే ఎక్కిన" అన్నడు. అంతే.

మర్నాడు ఛాయి తీస్కపోతే మొహం పక్కకు తిప్పి, "అక్కడ పెట్టిపొమ్మను" అన్నడు. ఇంట్ల మూడో మనిషి లేదు.

పదకొండేండ్లు మోసిన బరువు, దించుకుందామనుకున్న. ఆ నిజం బండి తీసిన ఆ ఒక్క పొద్దటికి పనికొచ్చేది. ఇన్నేండ్లు దాచి ఇప్పుడు చేతిల పెడితే, ఆయన దాన్ని ఏం చేసుకుంటడు.