నేనమ్మిన తార్ చిరునామా

ఒకే ఒక్క ఇంగ్లీషు మాటను అమ్ముకుని నేను ఆరు నెలలు దర్జాగా తిరిగాను. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు చెప్తే, కంప్యూటర్లలో గడువు తీరిన వెబ్‌సైట్ల పేర్లు అమ్ముకుంటారు కదా, అలాంటిదా అంటారు. అలాంటిదే. కాకపోతే అప్పటికి కంప్యూటరు లేదు, కామారెడ్డి తారాఫీసు ఉండేది. టెలిగ్రాంను మా వైపు తార్ అనేవాళ్ళం.

డెబ్భైల చివర్లో నేను కామారెడ్డి గంజిలో, అంటే టోకు బజారులో, ఒక బెల్లం కంపెనీలో గుమాస్తాను. తార్‌కు మాట లెక్కన డబ్బు కట్టాలి. కంపెనీ పేరు, గంజి, వీధి అన్నీ రాస్తే చిరునామాకే సగం ఖర్చు. అందుకని మా యజమాని ఏడాదికోసారి రుసుము కట్టి ఒక పొట్టి మాటను తారాఫీసులో రిజిస్టరు చేయించాడు. ఆ మాట, దాని పక్కన కామారెడ్డి అని రాస్తే చాలు, తార్ నేరుగా మా గుమ్మంలో వాలేది. గుజరాత్‌లో, రాజస్థాన్‌లో బెల్లం కొనే వ్యాపారులందరి పుస్తకాల్లో ఆ మాట ఉండేది. దాన్ని ఇక్కడ రాయను. ఇంకా ఎవరి బోర్డు మీదైనా ఉంటే ఉండొచ్చు.

వాళ్ళే కాదు, ఎల్లారెడ్డి, తాడ్వాయి వైపు నుంచి బెల్లం తెచ్చే రైతులు, మా దగ్గర బస్తాలు మోసే హమాలీలు కూడా ఆ మాటనే తమ ఇంటి చిరునామాగా వాడుకునేవాళ్ళు. బొంబాయికో దుబాయికో పోయినవాడు ఊరు పేరు, పోస్టు, తాలూకా అంటూ తార్ కొడితే ఆ రోజు కూలి అక్కడే ఊడ్చుకుపోయేది. మా మాట ఒక్కటి రాస్తే సరిపోయేది. దీనికి యజమానిని ఎవరూ అడగలేదు, ఆయనా ఎన్నడూ కాదనలేదు. తార్ రాగానే నేను చదివి, అటు పోయే బండివాడికో ఎల్లారెడ్డి బస్సు డ్రైవరుకో చెప్పేవాణ్ణి. సాయంత్రానికల్లా కబురు ఆ ఇంటికి చేరేది.

మా హమాలీల్లో ఒకడు నాకు బాగా దగ్గర. కాంటా దగ్గర ఇద్దరం పొద్దంతా ఒకరినొకరు తిట్టుకుంటూ పనిచేసేవాళ్ళం. రెండేళ్ళ ఒప్పందం మీద దుబాయి పోతూ భార్యను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. వాళ్ళది ఎల్లారెడ్డి పక్క పల్లె. చంకలో ఏడాది కూడా నిండని ఆడపిల్ల.

"ఏమన్న ముచ్చటుంటె ఈడికే తార్ కొడత. అన్న ఉన్నడు గదా, నీకు చెప్పి పంపుతడు," అన్నాడు ఆమెతో. నేను తలూపాను. అంతకంటే పెద్ద ఒప్పుకోలు నేను జీవితంలో చేసి ఉండను, ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు.

అతను వెళ్ళిన ఏడాదికి కంపెనీ మూతపడింది. యజమాని, ఆయన అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోనంతగా తగాదా పడ్డారు. యజమాని దుకాణానికి తాళం వేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు, నేను రోడ్డున పడ్డాను. నా కోపం ఆయన మీద కాదు గానీ కోపమైతే దండిగానే ఉంది. ఆ సమయంలోనే తార్ పేరుకు రుసుము కట్టమని కాగితం వచ్చింది. ఏటా దాన్ని కట్టేది నేనే కాబట్టి కాగితం నా చేతికే ఇచ్చారు. యజమానికి ఒక కార్డు ముక్క రాస్తే కట్టమనేవాడేమో. నేను రాయలేదు. మడిచి జేబులో పెట్టుకుని గడువు దాటేదాకా చల్లగా కూర్చున్నాను.

గడువు దాటిన వారానికి తారాఫీసుకు పోయి, అదే మాట నా పేరున కావాలని దరఖాస్తు ఇచ్చాను. అక్కడి సారు కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"కంపెనీయే లేకపాయె. నీకెందుకయ్యా ఇది?"

"నేను పెడుతున్న సార్ కంపెనీ," అన్నాను, తడుముకోకుండా.

ఆ మరుసటి అంగడి నాడు, అంటే వారపు సంత నాడు, హమాలీ భార్య వచ్చింది. దుకాణానికి తాళం చూసి బెదిరిపోయి, నన్ను వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. తార్ ఇక ఎక్కడికొస్తుందని ఆమె భయం. "పరేషాన్ గాకు చెల్లె, ఆ తార్ పేరు ఇప్పుడు నా పేరు మీదనే ఉన్నది. ఏ తారొచ్చినా నా చేతికే," అన్నాను. అప్పటికది నిజమే. నిజం కాకుండా పోవడానికి ఇరవై రోజులు కూడా పట్టలేదు.

గంజిలో కొత్తగా బెల్లం దుకాణం తెరిచిన ఒక సేటు ఉన్నాడు. డబ్బుంది, సరుకుంది, ఉత్తరాది బేరాలు లేవు. నేను వెళ్ళి సంగతి చెప్పాను. ఆ మాట మీ పేరుకు మార్చుకుంటే పాత కంపెనీకి వచ్చే బేరాలన్నీ మీ గుమ్మంలోకి వస్తాయన్నాను. సేటుకు రెండోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది. పేరు మార్పు కాగితం మీద నేను సంతకం పెట్టాను. నా మూడు నెలల జీతమంత చేతిలో పడింది.

ఇక నా గొప్ప చెప్పతరం కాదు. బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతూ కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. "గాలిని మూటగట్టి అమ్మినవ్ గదరా," అని దోస్తులు వీపు చరిచారు. ఇన్నేళ్ళూ కాంటా పక్కన కూర్చుని ఏం బావుకున్నాను, నా బుర్ర విలువ నాకే తెలియలేదనుకున్నాను. తర్వాత బస్టాండు దగ్గర ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. అక్కడి యజమాని దగ్గర కూడా అదే కథ చెప్పుకున్నాను.

హమాలీ భార్య నెలకోసారి అక్కడికి వచ్చి భర్తకు ఉత్తరం రాయించుకుని పోయేది. రెండేళ్ళు నిండవస్తున్నాయి. ఒప్పందం అయిపోతుంది, అరబ్బు యజమాని విడిస్తే వచ్చేస్తా, ఏ సంగతీ తార్ కొడతా అని అతని ఉత్తరం. అప్పటినుంచి ఆమె నెలకోసారి కాదు, ప్రతి అంగడికీ రావడం మొదలుపెట్టింది. పిల్లకు మాటలు వచ్చేశాయి. తండ్రిని ఫోటోలో చూపిస్తే తాత అంటున్నదని ఒకరోజు నవ్వుతూనే చెప్పి, చటుక్కున కళ్ళు తుడుచుకుంది.

"తార్ అచ్చిందా అన్నా?"

"రాలె చెల్లె. తార్ రాలేదంటె మంచిగున్నడన్నట్టే."

ఈ మాట నేను ఆమెతో నాలుగు అంగళ్ళు అన్నాను. అన్నప్పుడు నా బుర్రలో ఏముందో ఈనాటికీ నాకు అంతుపట్టదు. తార్ వచ్చే గుమ్మాన్ని నేనే అమ్మేశానన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. నా లెక్కలో నేనమ్మింది బెల్లం బేరాలు, అంతే.

ఒక మధ్యాహ్నం గంజిలో పనిపడి సేటు దుకాణం ముందు నుంచి పోతుంటే ఆయనే పిలిచాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ గొంతులో విసుగుంది.

"అరె భాయ్, నువ్వు నాకు తార్ పేరు అమ్మినవా, ఊరోళ్ళ చుట్టరికాలు అమ్మినవా? ఎవలికో బిడ్డ పుట్టిందట, ఎవడో బొంబైల దిగిండట. ఎవలకు చెప్పాలె నేను? పోస్టుమన్‌నా?"

నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే ఆయన గల్లాపెట్టె పక్కనున్న ఇనుప చువ్వ చూపించాడు. పాత కాగితాలన్నీ దానికి గుచ్చి ఉన్నాయి. మధ్యమధ్యలో తార్ కాగితాలు. ఒక్కొక్కటే పైకి లాగి చదివాను. నాలుగోది దుబాయిది.

ఇంగ్లీషులో ఉంది, అర్థం ఇది. ఒప్పందం అయిపోయింది. ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. రానా, ఉండనా. ఎనిమిది రోజుల్లో జవాబు ఇవ్వు, లేకుంటే సంతకం పెడతాను.

తార్ వచ్చి ఇరవై ఏడు రోజులు.

తేదీని మూడుసార్లు చదివాను. సేటు ఏదో అడుగుతున్నాడు, పెదాలు కదలడం కనబడుతోంది, మాట వినబడటం లేదు. అది ఈ చువ్వకు వేలాడుతుండగానే, పక్క బజారులో నిలబడి, ఆమె ముఖం మీదే, రాలే రాలే అని నాలుగుసార్లు చెప్పింది నేను. నా నోటిని నేనే నమ్మలేకపోయాను.

మిగతా మూడు తార్‌లు సేటు చేతిలోనే పెట్టి, ఎవరివో చెప్పి, తారాఫీసుకు పరుగెత్తాను. సంతకం పెట్టకు, ఇంటిది రమ్మంటోంది అని తార్ కొట్టాను. ఆమెను అడగాల్సిన పనిలేదు, ఆమె మనసు ప్రతి ఉత్తరంలోనూ నా చేత్తోనే రాశాను కదా. జవాబుకు ఎరువుల దుకాణం చిరునామా పూర్తిగా ఇచ్చాను. ఎల్లారెడ్డి మాత్రం వెళ్ళలేదు. జవాబు మంచిదొస్తే నా తప్పు చెప్పకుండానే గట్టెక్కొచ్చని ఆశ. పిరికితనానికి నేను అప్పుడు పెట్టుకున్న పేరు ఓపిక.

నాలుగో రోజు జవాబొచ్చింది. ఆలస్యమైంది, సంతకం పెట్టేశాను, పాస్‌పోర్టు అరబ్బు దగ్గరుంది. ఆమె ఏమీ అనకపోయేసరికి ఆమెకు డబ్బే కావాలనుకున్నాను.

ఆ చివరి ముక్క చదివి దుకాణంలో బస్తా మీద కూలబడ్డాను. రెండేళ్ళ సంగతి ఒక ఎత్తు. ఎడారిలో ఎనిమిది రోజులు జవాబు కోసం చూసి, తన భార్యకు తను అక్కర్లేదనుకుని ఆ మనిషి సంతకం పెట్టాడు. ఆమె నోట లేని మాటను నేను అక్కడిదాకా చేర్చాను.

మొదటి బస్సుకే ఎల్లారెడ్డి వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాను. ఇంట్లో లేదు, నాట్లకు పోయిందన్నారు. పొలంలో వరసగా ఆడవాళ్ళు వంగి ఉన్నారు. నన్ను చూడగానే నారు కట్ట చేతిలోనే పట్టుకుని, మడిలో నుంచి గబగబా గట్టు దగ్గరికి వచ్చింది. ముఖమంతా వెలుగే. తార్ వచ్చిందనుకుంది.

నిలబెట్టి అంతా చెప్పేశాను, నీళ్ళు నమలకుండా. రెండేళ్ళు అన్నది వినగానే ఆమె చేతిలోని నారు నీళ్ళలోకి జారింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నావైపు వింతగా చూసింది.

"అమ్మినవా?"

"అమ్మిన చెల్లె."

"అది కంపెనీది గదా."

"గడువు అయిపోయింది. ఎవలిదీ గాకుండ అయింది. అప్పుడు నా పేర తీసుకున్న."

మోచేత్తో ముఖం తుడుచుకుంది. ముఖానికి ఇంకొంచెం బురద అంటింది.

"ఎవలిదీ గాకుండ ఎట్లయితదన్నా? మేము దాన్నే నమ్ముకొని ఉంటిమి గదా."

అప్పటికే తోటివాళ్ళ వరస నాలుగు బారలు ముందుకు పోయింది. జారిన నారు ఏరుకుని ఆమె మళ్ళీ వంగింది.