ఖాళీ గదిలో వీణ

మా జహీరాబాద్ బడిలో నేను లెక్కల టీచర్ని. ఆ ఏడాది ఆడపిల్లల బాగోగులు చూసే పని కూడా నా నెత్తినే పడింది. నెలసరి నొప్పి వచ్చిన పిల్లను పడుకోబెట్టి, వేడినీళ్ల సంచి ఇచ్చి, మెల్లని సంగీతం వినిపిస్తే కొంత హాయిగా ఉంటుందని ట్రైనింగులో చెప్పారు. నాకు నమ్మకమేమీ కలగలేదు. అయినా చెప్పింది చెయ్యడం నా అలవాటు.

లైబ్రరీ గదిలో చాప పరిచి, చిన్న స్పీకర్ పెట్టి, ఫోన్లోంచి వీణ వినిపించాను. మొదటి రోజు ఒక పిల్ల నిద్రపోయింది. నేను కాస్త పొంగిపోయాను కూడా. రెండో వారానికల్లా ఎవరూ రావడం లేదు.

నిజానికి నేను ఎదురుచూసింది మొగుడంపల్లి నుంచి బస్సులో వచ్చే పదో తరగతి పిల్ల కోసం. లెక్కల్లో చురుకు. కానీ నెలనెలా మూడు రోజులు నాగా. వచ్చినా మధ్యాహ్నానికే కడుపు పట్టుకుని బస్టాండుకు పోయేది. "గింత తిప్పలైతే బడి బంద్ చెయ్" అని ఇంట్లో అంటున్నారట. పరీక్షలు దగ్గర పడ్డాయి.

ఒకరోజు బెంచీ మీద తల వాల్చేసి కనిపించింది.

"లైబ్రరీలకు పోరాదు?"

"నేను పోను టీచర్."

"ఎందుకు పోవు? ఏం రోగం?" నా గొంతు లేచింది.

"వీణ మోగంగనే క్లాసంత ఏ బెంచీ ఖాళీగున్నదో చూస్తున్నరు. నవ్వుతున్నరు."

లైబ్రరీకీ పదో తరగతికీ మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఏళ్ల తరబడి ఆ గోడను చూస్తూనే ఉన్నాను. చెవిలో చెప్పాల్సింది డప్పు కొట్టి చెప్పానన్నమాట. నా తెలివి తెల్లారినట్టే ఉంది! సిగ్గేసింది.

"మరి వీణ బంద్ చెయ్యాల్నా?"

"వద్దు టీచర్. రోజు పెట్టుండ్రి. ఎవ్వరు లేకున్నా పెట్టుండ్రి."

మర్నాటి నుంచి గది ఖాళీగా ఉన్నా మధ్యాహ్నమంతా వీణ మోగింది. పక్క క్లాసు సారు "గిది బడా, గుడా మేడం?" అని విసుక్కున్నాడు. నేను వీణ ఆపలేదు. కొన్నాళ్లకు పిల్లలు బెంచీల వైపు చూడటం మానేశారు.

ఆ నెల ఆ పిల్ల తనంతట తానే వచ్చి చాప మీద పడుకుంది. ఒక పీరియడ్ అయ్యాక మెల్లగా లేచి, లెక్కల పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"తగ్గిందా?" అన్నాను.

"మొత్తం తగ్గలే టీచర్. గని బస్టాండుకు పోవాల్ననిపించలే."