చెప్పి పోవడం నేర్చిన ఆదివారాలు

మా మేనత్త పరకాల నుంచి కొత్త చీర కట్టుకొని వచ్చి "ఎట్లున్నదే?" అని అడిగింది. బాగాలేదన్నాను. అడిగింది కాబట్టే చెప్పాను. ఆ పూట ఆమె మా ఇంట్లో అన్నం ముట్టలేదు, ఆమె వెళ్ళాక మా అమ్మ నాతో మాట్లాడలేదు. అందులో నా తప్పేమిటో అప్పుడూ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడూ అంతంతమాత్రమే.

డెబ్బైల చివరి మాట ఇది. నేను హైస్కూల్లో ఉన్నాను. ఆటిజం అన్న మాట మా వరంగల్లో ఎవరూ విన్నట్టు లేదు. నాకున్న పేరు 'పొగరుబోతు'. లెక్కలు చకచకా చేసేదాన్ని గానీ, నలుగురిలో నిలబడితే నోరు పెగిలేది కాదు, పెగలకూడని చోట మాత్రం పెగిలేది. ఎవరింటికైనా వెళితే, తినడం అయిపోగానే చెప్పా పెట్టకుండా లేచి ఇంటికి వచ్చేసేదాన్ని. తిన్నాక ఇంకేం పని ఉంటుంది?

మా లెక్కల టీచర్ ఒకరోజు మా అమ్మను పిలిపించింది. "పిల్లను ఆదివారం మా ఇంటికి పంపుండ్రి. చదువు కోసం కాదు," అంది. టీచర్ తమ్ముడు కూడా నాలాగే ఉండేవాడట. అతనికి ఓపిగ్గా ఎవరూ ఏదీ నేర్పలేదని, అందరూ తిట్టేవాళ్ళేనని ఆమెకు బాధ.

టీచర్ ఇల్లు కాశిబుగ్గలో. పక్కింట్లో మగ్గం చప్పుడు వినబడుతూ ఉండేది. నాలాంటి వాళ్ళే ఇంకొందరు వచ్చేవాళ్ళు. ఒక అబ్బాయి కనబడిన ప్రతి మనిషి చెయ్యీ పట్టుకొని గడియారం చూసేవాడు. ఇంకో అమ్మాయి అడిగిన ప్రశ్ననే తిరిగి అడిగేది. నలుగురిలో ఎలా మెలగాలో మాకు నేర్పేందుకు, చుట్టంగా నటించడానికి టీచర్ వాళ్ళ అత్తగారు కుదిరింది. సొంత నానమ్మను పిలిచినట్టే మేమంతా ఆమెను బాపమ్మ అనేవాళ్ళం.

బాపమ్మ మంచం మీద కూర్చునేది. మేము ఒక్కొక్కరమే గేటు దగ్గరి నుంచి చుట్టాల్లాగా లోపలికి రావాలి. ఆమె అసలు చుట్టాల కంటే అన్యాయంగా అడిగేది. "గింత నల్లగైనవేందే?" "మీ నాయిన జీతమెంత?" నేను ముఖం మాడ్చుకున్నా, జీతం ఉన్నదున్నట్టు చెప్పేసినా తొడ చరుచుకొని నవ్వి, "మల్ల బయటికి పో. మల్ల రా," అనేది. మళ్ళీ గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చేదాన్ని. ఎవరికీ కోపం వచ్చేది కాదు. తప్పు చేస్తే మళ్ళీ చేయనిచ్చే చోటు నాకు ప్రపంచంలో అదొక్కటే. వారమంతా ఆ ఒక్క పూట కోసమే ఓర్చుకునేదాన్ని.

నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం వెళ్ళిపోవడం. లేచి నిలబడాలి. పెద్దవాళ్ళ ముఖంలోకి చూడాలి. "పోయొస్త" అనాలి, మళ్ళీ ఎప్పుడొస్తామో చెప్పాలి. వాళ్ళు "మంచిది" అనేదాకా ఆగి, అప్పుడు చెప్పులు వేసుకోవాలి. కళ్ళలోకి చూడడం నా వల్ల కాదంటే టీచర్ ఉపాయం చెప్పింది. "బొట్టు దిక్కు చూడు బిడ్డా. అవతలోళ్లకు తెల్వది." బాపమ్మకు బొట్టు లేదు గానీ నుదుటి మీద పచ్చబొట్టు చుక్క ఉండేది. ఆ చుక్కను చూస్తూ ఎన్నిసార్లు పోయొస్తానన్నానో. చివరికి నాకు ఆ పాఠం బాగా వచ్చేసింది. ఏదైనా వచ్చిందంటే నాకిక పోదు.

ఆ చలికాలంలో బాపమ్మ చనిపోయింది. దహనం అయిన మరునాడు అమ్మ నన్ను వెంటబెట్టుకొని పరామర్శకు వెళ్ళింది. ఇల్లంతా ఆడవాళ్ళు. వాళ్ళ చుట్టాలు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కూడా వచ్చారు. ఎవరూ ఎవరినీ పలకరించడం లేదు, గోడకు ఆనుకొని ఊరికే కూర్చున్నారు. బాపమ్మ లేదని గుండెల్లో బరువుగా ఉంది, కానీ మాట్లాడే పని లేనందుకు ఆ గది నాకు హాయిగానే అనిపించింది. కాసేపటికి అమ్మ నా చెయ్యి లాగింది.

నేను లేచి నిలబడ్డాను. టీచర్ బొట్టు వంక చూశాను. "పోయొస్త టీచర్. ఆదివారం వస్త," అన్నాను, గది మొత్తానికీ వినబడేలా.

మూలన కూర్చున్న ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "సావైన ఇంట్ల పోయొస్త అంటరా పిల్లా? ఇంకో సావు రావాల్ననా?" అంది. చావింటి నుంచి చెప్పకుండా లేచి రావాలని నాకెవరూ చెప్పలేదు. పాఠం ప్రకారం నేను "మంచిది" కోసం ఎదురుచూస్తూ నిలబడే ఉన్నాను. టీచర్ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు వణికాయి. అమ్మ నన్ను బయటికి ఈడ్చుకొచ్చింది.

"ఇగ ఆ ఇంటికి మొఖం ఎట్ల చూపియ్యాలె? బంద్ చెయ్యి నీ ఆదివారాలు," అంది దారిలో. నాకు ఏడుపు రాలేదు, అన్నం మాత్రం దిగలేదు. ఆదివారం పొద్దున్నే లేచి తయారై వాకిట్లో నిలబడ్డాను. వస్తానని చెప్పాను, వెళ్ళాలి. అమ్మ అరిచింది, బతిమాలింది. నేను కదలకపోయేసరికి, ఎలాగూ క్షమాపణ చెప్పుకోవాలి కదా అని తనే బయలుదేరింది.

అప్పటికి ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. టీచర్ అప్పుడే తలస్నానం చేసి తడి జుట్టుతో వచ్చింది.

"టీచరమ్మా, పిల్ల తెల్వక అన్నది. మనసుల పెట్టుకోకుండ్రి," అంది అమ్మ.

"పెట్టుకున్ననమ్మా," అంది టీచర్. "వచ్చినోళ్లంత సప్పుడు చెయ్యకుంట లేసి పోయిన్రు. అది పద్ధతి, ఎవ్వర్ని అననీకి లేదు. అందరు పోయినంక ఇల్లు ఎట్లుంటదో నీకు తెల్వదా? ఈ పిల్ల ఒక్కతే మల్ల వస్త అన్నది. ఆదివారం ఎప్పుడైతదా అని చూస్తాన."

"మరి ఆ పొద్దు ఏడ్సిన్రు గద," అంది అమ్మ.

"ఏడువలే, నవ్వొచ్చింది. మా అత్త ఉంటే తొడ కొట్టుకొని నవ్వేది. తప్పు పిల్లది గాదమ్మా. సావింటి సంగతి చెప్పుడు నేనే మర్సిన."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. నాకైతే వారం నుంచి ఎవరో మెడ మీద కూర్చొని దిగిపోయినట్టయింది. నా ఆదివారాలు నాకు ఉన్నాయి.

కాసేపు కూర్చొని లేచాం. గడప దగ్గర నాకు అనుమానం వచ్చింది. "టీచర్, ఇప్పుడు చెప్పాల్నా, చెప్పొద్దా?"

"చెప్పు బిడ్డా."

నేను తలెత్తాను. ఆమె ఇంకా బొట్టు పెట్టుకోలేదు. చూడడానికి నుదుటి మీద ఏమీ లేదు. కళ్ళే ఉన్నాయి, ఎర్రగా, అలసిపోయి, నా కోసమే ఆగి. వాటిలోకే చూశాను.

"పోయొస్త టీచర్. వచ్చే ఆదివారం వస్త."

"మంచిది. రా బిడ్డా."

నా వెనక అమ్మ చెప్పులు వేసుకోబోయి ఆగింది. వెనక్కి తిరిగి, "పోయొస్తం టీచరమ్మా," అంది.